నంది కొండల నీళ్లు, మన చెరువుల గొలుసు: ఎగువ, దిగువ తెలుగు ఇళ్లవారు తెలుసుకోవలసిన సంగతులు

మా సంఘం నెలవారీ సమావేశాల్లో కొంతకాలంగా పండుగల మాట కన్నా నీళ్ల మాటే ఎక్కువగా వస్తోంది. కోలారు పక్క పల్లె నుంచి వచ్చే ఒక పెద్దమ్మ ఒకసారి సూటిగా అడిగారు: "ఎండిపోయిన చెరువు నిండింది కదా సార్, సంతోషపడమంటారా, ఆ నీళ్ల రంగు చూసి భయపడమంటారా?" ఆ రోజు మా దగ్గర సరైన జవాబు లేదు. తరువాత కూర్చుని, తెలిసినవారిని అడిగి, కాగితాలు తిరగేసి, ఖాయంగా చెప్పగలిగినవి ఇక్కడ ఒకచోట పెడుతున్నాము. కోలారు, చిక్కబళ్లాపురం, బెంగళూరు, హోసూరు, కృష్ణగిరి, వాణియంబాడి వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది ఉపయోగపడుతుందని మా ఆశ. దాచిపెట్టుకుని అవసరమైనప్పుడు చూసుకోగలరు.

ఒక కొండ, ఆరు నదులు

బెంగళూరుకు ఉత్తరాన ఉన్న నంది కొండలు మన ప్రాంతానికంతటికీ నీటి ఇంటి పైకప్పు లాంటివి. పైకప్పు మీద పడిన వాన నాలుగు వైపులా జారినట్టు, ఆ కొండల చుట్టుపక్కల పుట్టిన నదులు వేర్వేరు దిక్కులకు పోతాయి.

ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, గౌరీబిదనూరు మీదుగా హిందూపురం వైపు వెళ్లి, అనంతపురం, కడప, నెల్లూరు సీమలు దాటి సముద్రంలో కలుస్తుంది. చిత్రావతి బాగేపల్లి దాటి పుట్టపర్తి మీదుగా పోయి పెన్నలో కలుస్తుంది. పాపఘ్ని కూడా కడప జిల్లాలో పెన్నలోకే చేరుతుంది. దక్షిణ పినాకిని బెంగళూరుకు తూర్పుగా దిగి హోసూరు దగ్గర తమిళనాడులో ప్రవేశిస్తుంది. అక్కడ దాని పేరు తెన్‌పెణ్ణై. కృష్ణగిరి, సాత్తనూరు ఆనకట్టలు దాటి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పాలారు కోలారు జిల్లాలో బేతమంగళ మీదుగా వచ్చి, కుప్పం ప్రాంతాన్ని తాకి, వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, కాంచీపురం వైపు సాగుతుంది. పాలారు పొడవు సుమారు 348 కిలోమీటర్లు. అందులో కర్ణాటకలో 93, ఆంధ్రప్రదేశ్‌లో 33, తమిళనాడులో 222 కిలోమీటర్లు. ఆరోది అర్కావతి. అది పడమరగా దిగి కావేరిలో కలుస్తుంది.

ఈ నదుల్లో ఏదీ ఇక్కడ ఏడాది పొడవునా పారదు. కోలారు వైపు సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లు, అదీ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. అందుకే మన పెద్దలు నదిని నమ్ముకోకుండా చెరువును నమ్ముకున్నారు. 2007లో చిక్కబళ్లాపురం వేరు జిల్లా కాకముందు కోలారు జిల్లాలో నాలుగు వేలకు పైగా చెరువులు ఉండేవి.

గొలుసు ఎలా పనిచేసేది

ఈ చెరువులు విడివిడిగా తవ్వినవి కావు. పై చెరువు నిండితే అలుగు పారి, ఆ నీరు కాలువలో పడి కింది చెరువుకు చేరేది. అది నిండితే ఇంకా కిందికి. ఇలా ఒక్కో వంక వెంట పది, ఇరవై చెరువులు ఒకదానికొకటి ముడిపడి ఉండేవి. చివరి చెరువు అలుగు నదిలో కలిసేది. పెద్ద వాన వచ్చినప్పుడు ఊరు మునగకుండా చూసినదీ, వాన లేనప్పుడు బావులు ఎండకుండా చూసినదీ ఈ గొలుసే.

దాన్ని నడిపించడానికి ఊళ్లో ఏర్పాటు ఉండేది. తూము ఎత్తి దించడం, వంతుల ప్రకారం పొలాలకు నీరు వదలడం నీరుగంటి పని. చెరువు కట్టించినవారికి, మరమ్మతు చూసుకునేవారికి దశబంధం పేరుతో మాన్యం భూములు ఇచ్చేవారు. వేసవిలో రైతులు చెరువులో పూడిక మట్టి తీసి బండ్ల మీద పొలాలకు తోలుకునేవారు. చెరువు లోతు నిలిచేది, పొలానికి ఎరువు దొరికేది.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి విజయనగర కాలపు శాసనం ఉంది. భాస్కర భవదూరుడనే రాజకుమారుడు వేయించినది. రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు పనిచేస్తే రెండేళ్లకు ఆ చెరువు పూర్తయిందని అందులో ఉంది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా లెక్క పెట్టి చెప్పారు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు మధ్యలో మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం దోషాలు. ఇవి కాక ఇంకొక దోషం ఉంది: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం.

ఆ ఆరో దోషాన్ని ఎన్నిసార్లు చదివినా మాకు మన సంగతే చెప్పినట్టు ఉంటుంది. మన నీళ్లన్నీ సరిహద్దు నీళ్లే. 1892లోనే మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు ఈ నదుల మీద ఒప్పందం రాసుకున్నాయి. ఎగువన మైసూరు కొత్త జలాశయం కట్టాలంటే దిగువన మద్రాసు సమ్మతి కావాలన్నారు. కుప్పం దగ్గర పాలారు మీద చెక్‌డ్యాముల గురించి ఆంధ్రప్రదేశ్, తమిళనాడు మధ్య, కోలారు జిల్లా యరగోళ్ దగ్గర మార్కండేయ నది మీద ఆనకట్ట గురించి కర్ణాటక, తమిళనాడు మధ్య నడిచిన వ్యాజ్యాలు ఆ పాత తగవుకు కొనసాగింపే.

గొలుసు ఎక్కడెక్కడ తెగింది

ఒక్క కారణమని చెప్పలేము. నాలుగైదు కలిసి వచ్చాయి.

మొదటిది, చూసుకునే మనిషి పోవడం. 1961లో కర్ణాటకలో వంశపారంపర్య గ్రామోద్యోగాలను రద్దు చేశారు. అందులో అన్యాయమైన కట్టుబాట్లు చాలా ఉండేవి, అవి పోవడం మంచిదే. అయితే తూము దగ్గర నిలబడే మనిషి స్థానంలో మరొకరిని నిలబెట్టలేదు. చెరువులు ప్రభుత్వ శాఖల కిందికి వెళ్లాయి. ఊరివారు మనకెందుకులే అనుకున్నారు.

రెండోది బోరుబావి. తెరిచిన బావుల్లో నీళ్లు తగ్గుతుండగానే బోర్లు వచ్చాయి. రెండు వందల అడుగులకు దొరికిన నీరు ఐదు వందలకు, తరువాత వెయ్యి అడుగులకు దిగింది. కోలారు జిల్లాలో ఇప్పుడు వెయ్యి దాటి తవ్వినా ఎండు బోర్లు ఉన్నాయి. బోరు ఉన్నవాడికి చెరువుతో పనిలేకపోయింది. ఆ బోరుకు నీరు ఇచ్చేది చెరువేనన్న మాట మరిచిపోయాము.

మూడోది నీలగిరి తోపులు. 1980ల్లో సామాజిక వనాల పేరుతో కోలారు ప్రాంతంలో నీలగిరి విస్తారంగా నాటారు. చెరువుకు నీరు జారే మెరక భూముల్లోనే ఎక్కువగా నాటడం వల్ల నేలలో ఉన్న తేమను ఆ చెట్లు లాగేశాయి. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది.

నాలుగోది పూడిక, ఐదోది కాలువల ఆక్రమణ. చెరువు ఎంత బాగున్నా దానికి నీరు తెచ్చే కాలువ మీద ఇల్లో, లేఅవుటో, రోడ్డో వస్తే వాన నీరు చేరదు. బెంగళూరులో రాజకాలువల గతి అందరికీ తెలిసిందే. వేసవిలో ట్యాంకరు, వానకాలంలో ఇంట్లోకి నీళ్లు. రెండింటికీ మూలం ఒకటే.

లోతు నీటిలో ఉన్న చిక్కు

మన ప్రాంతం గ్రానైటు రాతి నేల. రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా నీటిలో కరుగుతుంది. నీరు ఎంత లోతున, ఎంత కాలం రాతిని అంటుకుని ఉంటే అంత ఎక్కువగా కరగడానికి వీలు. పై నీరు అయిపోయి లోతు నీరు తాగడం మొదలయ్యాక ఫ్లోరైడ్ సమస్య పెరగడానికి కారణం ఇదే.

తెలుగువారికి ఇది కొత్త కాదు. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బును తొలిసారిగా వైద్యులు నమోదు చేసినది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో. తరువాత నల్గొండ పేరు ఈ జబ్బుతో ముడిపడిపోయింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి నల్గొండ పద్ధతి అనే పేరు. దాన్ని రూపొందించినది నాగపూర్‌లోని నీరి సంస్థ.

గుర్తుంచుకోవలసిన అంకెలు: భారతీయ ప్రమాణం ప్రకారం తాగే నీటిలో లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము వరకు మంచిది. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు సహించవచ్చు. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటకూడదు. కరిగిన లవణాలు 500 లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 2000 వరకు.

ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. మరగబెడితే పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పిల్లల పళ్ల మీద సుద్ద మచ్చలు, గోధుమ రంగు గీతలు మొదటి గుర్తు. అవి వచ్చాక పోవు. ఏళ్ల తరబడి తాగితే మెడ, నడుము, మోకాళ్లు బిగుసుకుపోతాయి. అది వయసు నొప్పేనని మన ఇళ్లలో వదిలేస్తారు. చిన్నపిల్లలు ఉన్న ఇల్లు, బోరు నీరు తాగే ఇల్లు తప్పనిసరిగా పరీక్ష చేయించుకోవాలి.

బెంగళూరు నుంచి వచ్చిన నీరు

ఇక పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు వద్దాము. ఆమె ఊరి చెరువు నిండినది కేసీ వ్యాలీ పథకం వల్ల. కోరమంగల, చల్లఘట్ట లోయల పేరు మీద ఆ పేరు వచ్చింది. బెంగళూరు ఇళ్ల నుంచి వచ్చే మురుగు నీటిని శుద్ధి చేసి, గొట్టాల ద్వారా కోలారు వైపు ఎత్తిపోసి, అక్కడి నుంచి చెరువుకు చెరువుగా వదలడం ఈ పథకం. రోజుకు 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు దీని లక్ష్యం. 2018 జూన్‌లో తొలి చెరువు లక్ష్మీసాగరకు నీరు చేరింది. జూలైలో నురుగు కనిపించి సరఫరా ఆగింది. విషయం హైకోర్టుకు, ఆపై సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ తరువాత నీరు మళ్లీ సాగింది. ఇదే తీరున హెబ్బాళ, నాగవార లోయల నీటిని చిక్కబళ్లాపురం వైపు పంపే పథకం రోజుకు 21 కోట్ల లీటర్లది.

మంచి ఏమిటంటే, ఆ చెరువుల చుట్టూ భూగర్భ జలమట్టం పెరిగింది. భారత విజ్ఞాన సంస్థ పరిశోధకులు కూడా ఇదే గమనించారు. ఎండిన బోర్లలో నీరు వచ్చింది. టమాటా, మల్బరీ రైతులు ఊపిరి పీల్చుకున్నారు. వలస వెళ్లాలనుకున్న కుటుంబాలు ఆగిపోయాయి. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడడం న్యాయం కాదు.

చిక్కు ఏమిటంటే, ఆ నీటికి జరుగుతున్నది రెండో దశ వరకే శుద్ధి. మొదటి దశలో చెత్త, ఇసుక, మడ్డి తీస్తారు. రెండో దశలో సూక్ష్మజీవుల చేత మలినాన్ని తినిపిస్తారు. మూడో దశలో ఇసుక, బొగ్గు పొరల గుండా వడకట్టి, నత్రజని, భాస్వరం తగ్గించి, క్రిములను చంపుతారు. రెండో దశ వరకు ఆగిన నీటిలో భాస్వరం, సబ్బు పదార్థాలు, మందుల అవశేషాలు పూర్తిగా పోవు. కారఖానాల నీరు మురుగులో కలిస్తే లోహాలు కూడా వచ్చే వీలుంది. చెరువులో గుర్రపుడెక్క ఒత్తుగా పెరగడం, నీరు పచ్చబారడం భాస్వరం, నత్రజని ఎక్కువయ్యాయనడానికి గుర్తు. అందుకే శాశ్వత నీరావరి హోరాట సమితి మొదటి నుంచీ మూడో దశ శుద్ధి కావాలని అడుగుతోంది. ఆ కోరిక మాకు సమంజసంగా తోస్తుంది.

కనుక పెద్దమ్మకు మా జవాబు ఇది. చెరువు నిండినందుకు సంతోషపడవచ్చు. కానీ:

1. ఆ చెరువు నీరు తాగకూడదు, వంటకు వాడకూడదు. ఆ నీరు భూమిలో ఇంకడానికి ఉద్దేశించినది.
2. చెరువులో మోటారు పెట్టి నేరుగా తోడడం నిషేధం. తోడితే ఇంకే నీరు తగ్గి కింది ఊరి బోరు ఎండుతుంది.
3. చెరువు దగ్గరి బోరు నీరు తాగేవారు ఫ్లోరైడ్‌తో పాటు నైట్రేట్, క్రిముల పరీక్ష కూడా చేయించాలి. నీరు పెరిగింది కనుక ఫ్లోరైడ్ తగ్గిందని ఊహించుకోవద్దు.
4. పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి, టమాటా మంచి నీటితో రెండుసార్లు కడగాలి.
5. నురుగు, చేపల చావు, దుర్వాసన కనిపిస్తే తేదీ, సమయం, ఫోటోతో గ్రామ పంచాయతీకి, తహశీల్దారుకు, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. నోటిమాట ఫైలులోకి ఎక్కదు.

పడమటి కనుమల నుంచి నీరు తెచ్చే ఎత్తినహొళె పథకం మొదటి దశను 2024 సెప్టెంబరులో ప్రారంభించారు. దాని లక్ష్యం 24 టీఎంసీలు. అది మన ఊళ్లకు చేరినా, గొలుసు బాగుంటేనే ఆ నీరు నిలుస్తుంది.

దిగువన ఉన్నవారి మాట

ఎగువన ఉన్నవారికి నీరు రావడం సమస్య. దిగువన ఉన్నవారికి ఏ నీరు వస్తుందన్నది సమస్య.

బెంగళూరు బెళ్లందూరు చెరువు నురుగు కక్కడం, 2015లో, 2017లో, 2018లో దాని మీద మంటలు లేవడం దేశమంతా చూసింది. ఆ చెరువు అలుగు వర్తూరు చెరువుకు, అక్కడి నుంచి దక్షిణ పినాకినికి, అక్కడి నుంచి హోసూరు పక్క కెలవరపల్లి ఆనకట్టకు చేరుతుంది. అక్కడా నురుగు గుట్టలుగా లేచిన సందర్భాలు ఎన్నో. బెంగళూరులో ఒక తెలుగు ఇంటి బట్టల సబ్బు నీరు హోసూరులో మరో తెలుగు రైతు పొలంలో తేలుతోందంటే అది ఉపమానం కాదు, కాలువ పోయే దారి అదే.

పాలారు కథ ఇంకా పాతది. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోళ్ల కారఖానాల నీటితో ఆ నదీతీరంలో బావులు, పొలాలు చెడిపోయాయి. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన కేసులో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తోళ్ల కారఖానాల ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో, పాక్షికంగానో పనికిరాకుండా పోయిందని ఆ తీర్పులో నమోదైంది. సుస్థిరాభివృద్ధి అనే మాట మన చట్టంలో భాగమని, కాలుష్యం చేసినవాడే నష్టం భరించాలని, హాని రాకముందే జాగ్రత్తపడాలని ఆ తీర్పు చెప్పింది. దేశంలో ఎక్కడ పర్యావరణ వ్యాజ్యం జరిగినా ఇప్పటికీ ఆ తీర్పునే ఎత్తి చూపిస్తారు. అంటే పెద్ద పెద్ద సదస్సుల్లో వినబడే ఆ మాటకు మన దేశంలో చట్టబలం వచ్చినది మన పాలారు ఒడ్డు బావుల వల్ల. అయినా 2025 జనవరిలో సుప్రీంకోర్టు అదే పాలారు కాలుష్యం మీద మళ్లీ తీర్పు ఇవ్వవలసి వచ్చింది. తీర్పు ఉంటే చాలదు, చూసుకునే మనిషి ఉండాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

స్థలం కొనేముందు చూడవలసిన కాగితాలు

కొన్నేళ్ల కిందట మా సంఘ భవనానికి స్థలం వెతికాము. చౌకగా చూపించిన ఒక స్థలం మాకు నచ్చింది. అడ్వాన్సు ఇచ్చే ముందురోజు గ్రామ పటం తెప్పించి చూస్తే ఆ స్థలం అంచు మీదుగా కాలువ గీత ఉంది. అక్కడికి వెళ్లి చూస్తే కాలువ ఆనవాలే లేదు, మట్టి పోసి చదును చేశారు. మేము వెనక్కి తగ్గాము. మనసులో మాట చెప్పాలంటే, మాలో ఇద్దరు ముగ్గురు "ఎవరు చూస్తారులే" అన్నారు. గొలుసు తెగేది ఆ మాట దగ్గరే.

కర్ణాటకలో: పహణిలో బి-ఖరాబు అని ఎంత విస్తీర్ణం చూపించారో చూడండి. దారి, వాగు, కాలువ వంటి ప్రజావసరాలకు విడిచిన భూమి అది. దాన్ని అమ్మడానికి, కొనడానికి హక్కు లేదు. గ్రామ పటంలో సర్వే నంబరు చుట్టూ కాలువ గీతలు చూడండి. రెవెన్యూ శాఖవారి దిశాంక్ యాప్‌లో ఆ స్థలంలో నిలబడి సర్వే నంబరు చూసుకోవచ్చు.

తమిళనాడులో: పట్టా, చిట్టాతో ఆగకుండా ఎ-రిజిస్టరు, ఎఫ్‌ఎంబీ పటం అడగండి. నీర్‌నిలై పురంపోక్కు అని ఉంటే అది నీటి స్థలం.

ఆంధ్రప్రదేశ్‌లో: అడంగల్, ఎఫ్‌ఎంబీలో చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు అన్న మాటలు గమనించండి.

ఊరి ఉమ్మడి భూములను, చెరువులను ఆక్రమణల నుంచి విడిపించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఎన్నేళ్లుగా ఆక్రమించి ఉన్నా, ఎంత ఖర్చు పెట్టి కట్టినా అది రక్షణ కాదని ఆ తీర్పు సారాంశం.

ఇంటి పైకప్పు లెక్క

వాన నీటిలో ఫ్లోరైడ్ సమస్య ఉండదు. ఈ ఒక్క మాట ప్రతి ఇంటికీ తెలియాలి.

లెక్క సులువు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె అంటే సుమారు 93 చదరపు మీటర్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్లు పడితే 65,000 లీటర్లు. ఐదో వంతు వృథా పోయినా 52,000 లీటర్లు మిగులుతాయి. ఐదుగురున్న ఇంటికి తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు వేసుకుంటే ఏడాదికి సుమారు 9,100 లీటర్లు. అంటే పది వేల లీటర్ల సంపు ఒకటి ఉంటే ఏడాది తాగునీరు పైకప్పే ఇస్తుంది. మిగిలినది ఇంకుడు గుంతకు పంపితే బోరుకు చేరుతుంది.

పాటించవలసినవి: తొలి వాన నీరు బయటికి వదిలేయాలి. మిద్దె శుభ్రంగా ఉండాలి, పావురాలు వాలకుండా చూడాలి. గొట్టం చివర ఇసుక, కంకర, బొగ్గు వడపోత పెట్టాలి. సంపులోకి వెలుతురు, దోమ వెళ్లకూడదు. తాగే నీరు కాచి చల్లార్చుకోవాలి. తమిళనాడు 2003లోనే అన్ని భవనాలకూ వాన నీటి సేకరణ తప్పనిసరి చేసింది. బెంగళూరులో 2009 నుంచి నిర్ణీత విస్తీర్ణం దాటిన ఇళ్లకు తప్పనిసరి.

నీటి పరీక్షకు శాంపిల్ తీసే పద్ధతి: మోటారు పది నిమిషాలు ఆడించాలి. శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి నిండా పట్టాలి. సీసా మీద పేరు, ఊరు, తేదీ, బోరు లోతు రాయాలి. క్రిముల పరీక్షకు మాత్రం ప్రయోగశాలవారు ఇచ్చిన సీసాలోనే పట్టి, చల్లగా ఉంచి, అదే రోజు అందజేయాలి. వేసవి చివర ఒకసారి, వానల తరువాత ఒకసారి చేయిస్తే మార్పు తెలుస్తుంది. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో ఐదుగురు మహిళలకు పరీక్ష పెట్టె ఇచ్చి నేర్పించాలన్న నియమం ఉంది. మీ పంచాయతీలో ఆ పెట్టె ఎక్కడ ఉందో అడగండి. చాలాచోట్ల అది బీరువాలోనే ఉంటుంది.

మూడు భాషల్లో చెరువు మాటలు

ఆఫీసుల్లో కాగితం చదివేటప్పుడు మన పెద్దలు తడబడేది ఈ మాటల దగ్గరే. అందుకే రాస్తున్నాము.

చెరువు: కన్నడంలో కెరె, తమిళంలో ఏరి.
కట్ట: కన్నడంలో ఏరి, తమిళంలో కరై. కన్నడ కాగితంలో ఏరి అంటే కట్ట, తమిళ కాగితంలో ఏరి అంటే చెరువు అని గుర్తుంచుకోండి.
అలుగు, మరవ: కన్నడంలో కోడి, తమిళంలో కలుంగు.
తూము: కన్నడంలో తూబు, తమిళంలో మదగు.
చెరువుకు నీరు తెచ్చే కాలువ: కన్నడంలో రాజకాలువె, తమిళంలో వరత్తు కాల్వాయ్.
పూడిక: కన్నడంలో హూళు, తమిళంలో వండల్.
నీరుగంటి: కన్నడంలో నీరగంటి, తమిళంలో నీర్‌కట్టి.
ఊరంతా కలిసి చేసే చెరువు మరమ్మతు: తమిళంలో కుడిమరామత్తు. ఆ పేరుతోనే తమిళనాడు ప్రభుత్వం 2017లో పథకం మొదలుపెట్టింది.

మన సంఘాలు చేయగలిగినది

చెరువు పని ప్రభుత్వానిది, నిధులూ వారివే. కానీ మన చేతిలో ఒకటి ఉంది. బెంగళూరులో, కోలారులో, కుప్పంలో, హోసూరులో, వాణియంబాడిలో, హిందూపురంలో ఒకే భాష మాట్లాడే ఇళ్లు ఉన్నాయి. మూడు రాష్ట్రాల అధికారులు ఒకరితో ఒకరు కోర్టు ద్వారా మాట్లాడుకుంటున్నారు. మనం ఫోనులో మాట్లాడుకోగలము. పై చెరువులో నురుగు కనిపించిన రోజునే కింది ఊరికి చెప్పగలము. పోరుమామిళ్ల శాసనం చెప్పిన సరిహద్దు దోషానికి మనకు తోచిన మందు ఇది.

మా సంఘంలో చేసుకున్న ఏర్పాటు చెబుతాము. ఉగాది సమావేశంలో పంచాంగ శ్రవణం తరువాత పది నిమిషాలు నీటి లెక్క చదువుతున్నాము. సభ్యుల ఇళ్ల బోరు లోతు, ఫ్లోరైడ్ అంకె, ఊరి చెరువు నిండిందా లేదా, ఒక నోటు పుస్తకంలో రాస్తున్నాము. 2021 చివరి వానలకు ఎన్నో ఏళ్ల తరువాత అలుగు పారిన చెరువుల పేర్లు అందులో మొదటి పేజీలో ఉన్నాయి. పెద్ద పనేమీ కాదు. కానీ తెగిన కాలువ ఎక్కడుందో, ఏ ఇంట్లో పిల్లల పళ్లు చెడుతున్నాయో ఆ పుస్తకం వల్లే మాకు తెలిసింది.

ఆ పెద్దమ్మ తన బోరు నీటి సీసా తెచ్చి ఇచ్చారు. ఫ్లోరైడ్ 1.8 వచ్చింది. ఇప్పుడు వారింట తాగడానికి మిద్దె నీరు, మిగతా పనులకు బోరు నీరు వాడుతున్నారు. ఇతర ఊళ్ల సంఘాలవారు కూడా ఇలాంటి పుస్తకం ఒకటి పెట్టి, ఎగువ ఊరి సంఘంతో, దిగువ ఊరి సంఘంతో ఆ అంకెలు పంచుకోవలసిందిగా మా మనవి.